ఉప్పునేలకు అవతల బిగిసిన స్టీరింగ్

ఖఫ్జీలో దిగిన రోజు గాలిలో ఇసుక, ఉప్పు, ముడిచమురు వాసన కలిసి ఉన్నాయి. కువైట్ సరిహద్దు పక్కన సౌదీ ఊరు. తూర్పున సముద్రం, పడమరంతా ఎడారి. నా సామాను రెండు సూట్‌కేసులు, ఎనిమిది నెలల కూతురు, ఆ కూతురి మందుల సంచి.

అంతకుముందు ఐదేళ్లు సైన్యంలో ఉన్నాను. బండ్లు బాగుచేసే దళం. క్యాప్టెన్‌గా బయటికొచ్చాను. ఆ ఐదేళ్లూ మంచులో, అస్సాం బురదలో గడిచాయి. ఎడారి పోస్టింగు సైన్యం ఇవ్వలేదు. పెళ్లి ఇచ్చింది. మా ఆయన ఇక్కడి చమురు క్షేత్రంలో ఇంజనీరు.

"అక్కడ ఖాళీగా కూర్చుని ఏం చేస్తున్నావమ్మా?" అని ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడుగుతారు. వాళ్ల కోసం ఒక్క డ్యూటీ గురించి రాస్తాను. పాప నిద్రపోతోంది. ఇంతవరకు రాసేలోపే రెండుసార్లు లేచి దాని ఊపిరి చూసొచ్చాను.

అది జనవరి. రెండు బండ్లు, రెండు కుటుంబాలు. ఎడారిలో ఒక రాత్రి డేరా. మొదటి బండి మా ఆయన ఆఫీసులో సేఫ్టీ ఆఫీసర్‌ది. కరీంనగర్ మనిషి. అందరికీ సేఫ్టీ అన్న. భార్య, ముగ్గురు పిల్లలతో ఆ బండి నిండిపోయింది. రెండోది ఖాదర్ భాయ్‌ది. సొంత ఊరు కడప పక్కన. చాలా ఏళ్లుగా ఇక్కడ డ్రైవరు. పాత ఫోర్‌వీల్ బండి, ఆయన బతుకంతా దాని మీదే. మేం ముగ్గురం అందులో.

రోడ్డుకూ ఆ ఎడారికీ మధ్య సబ్ఖా ఉంది. ఉప్పునేల. పైన తెల్లటి పెళుసు పొర, కింద బురద. ఎండి ఉంటే గట్టిచోటు వెతుక్కుంటూ, మెలికలు తిరుగుతూ, ఆగకుండా దాటాలి. వాన పడితే ఇక రోజుల తరబడి ఎవరూ దాటలేరు.

పొద్దున లేచేసరికి పడమర నల్లగా ఉంది. చల్లగాలి. డేరాలు పీకేశాం. ఖాదర్ భాయ్ బండి స్టార్ట్ చేసి తిప్పబోయి ఆగిపోయాడు. రెండు చేతులా వేలాడినా స్టీరింగ్ రాలేదు.

"నిన్నటి నుంచి బిగుసుకుంటా ఉంది మేడమ్. ఇసకలో టైర్ల గాలి దించినాం గదా, దాని వల్ల అనుకుంటి. ఇప్పుడు సూడండి, ఎద్దు మొండికేసినట్ట."

సేఫ్టీ అన్న ఆకాశం కేసి చూశాడు. "మీరు, పాప నా బండిల వచ్చెయ్యుండ్రి మేడమ్. ఎట్లనో ఇరికిచ్చుకుంట. ఆళ్లిద్దరు ఈడనే ఉంటరు. రోడ్డెక్కినంక మనిషిని తోలుదాం."

"వాన పడ్డాక ఎవరిని తోలతావన్నా?"

ఫోన్లకు సిగ్నల్ లేదు. ఉన్న నీళ్లు సాయంత్రం దాకా వస్తాయి. నేను వెళ్లిపోతే మా ఆయన, ఖాదర్ భాయ్, ఆ బండి ఇవతలే మిగులుతారు.

"అరగంట. అప్పటికీ బండి జబ్బు దొరక్కపోతే పాపను తీసుకుని నీ బండెక్కుతాను."

సేఫ్టీ అన్న ఒక వాకీటాకీ నా చేతిలో పెట్టి, ఉప్పునేల అంచు దాకా వెళ్లి కాపలా నిలబడ్డాడు. మా ఆయన పాపను ఎత్తుకున్నాడు.

"ఆర్డరేంటి క్యాప్టెన్?"

"పాపకు టోపీ పెట్టు. చెవులు మూయి. బండిలోంచి జాకీ దించు."

"ఒక చేత్తోనా?"

"నేను రోజూ అన్నీ ఒక చేత్తోనే చేస్తున్నా."

బానెట్ ఎత్తాను. స్టీరింగ్ ఆయిల్ నిండుగా ఉంది. నురగ లేదు. బెల్టు బిగువుగా ఉంది.

"స్టీరింగ్ పంపే పోయింటాది మేడమ్," అన్నాడు ఖాదర్ భాయ్.

"చూద్దాం భాయ్."

మా వర్క్‌షాపులో ఒక ఉస్తాద్ హవల్దార్ ఉండేవాడు. "పూరీ గాడీ మత్ దేఖియే మేడమ్, ఆధీ కాటియే" అనేవాడు. బండి మొత్తం చూడకు, సగానికి కోసి చూడు. జబ్బు ఏ సగంలో ఉందో తేల్చి, ఆ సగాన్ని మళ్లీ కోయి.

ఇంజన్ ఆపించాను. వెనక చక్రాలకు రాళ్లు. ముందు ఇరుసు కింద పలక, పలక మీద జాకీ. ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. స్టీరింగ్ తిప్పాను. కష్టం మీద కదిలింది, బిగువు మాత్రం పోలేదు. చక్రాలు నేలను తాకడం లేదు కాబట్టి తప్పు టైర్లది కాదు.

తర్వాత స్టీరింగ్ పెట్టె నుంచి చక్రాలకు వెళ్లే రాడ్డు విప్పాలి. ఆ పని ఖాదర్ భాయ్ చేశాడు. పడుకుని, రెండు సుత్తులతో, అటొక దెబ్బ ఇటొక దెబ్బ. రాడ్డు ఊడింది. చక్రాన్ని చేత్తో తోశాను. తలుపులా తిరిగింది. కింది సగం మంచిదే. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం అదే బిగువు.

వాకీటాకీ గరగరమంది. "మేడమ్, ఈడ సుక్కలు వడ్తున్నయ్. ఇగ ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"మిలిటరీ పదా, మన పదా?"

సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను. మెల్లగా తిప్పాను. బిగువు, వదులు. బిగువు, వదులు. చుట్టుకు సరిగ్గా రెండుసార్లు. స్టీరింగ్‌ను తేలిక చేసే పంపు పోతే బరువు చుట్టంతా ఒకేలా ఉంటుంది. ఇలా వచ్చి పోయే బిగువుకు కారణం ఒక్కటే, స్టీరింగ్ కడ్డీ చివర ఉండే కీలు. టార్చి వేసి చూశాను. పొగగొట్టం పక్కన, కడ్డీ కింది కొసన, ఎర్రగా తుప్పు.

"భాయ్, ఈ మధ్య బండిని ఎక్కడ తిప్పారు?"

"సముద్రం ఒడ్డుకు, చేపలు పట్టేదానికి. ఉప్పు తగిల్తే తుప్పు పడతాదని అడుగంతా కడిగిస్తి. ప్రెషర్ నీళ్లు పెట్టి, సోపేసి, రెండు తూర్లు."

"ఆ నీళ్ల దెబ్బకే కీలులో గ్రీజు కొట్టుకుపోయింది."

"అంటే నేనే జేసుకుంటినా?"

"బండిని ప్రేమించేవాళ్లే చేసే తప్పు ఇది."

ఖాదర్ భాయ్ నోరారా నవ్వాడు. "మా ఇంటిది గూడా ఇదే అంటాది, బండిని పెండ్లి జేసుకున్యావని."

కీలుకు నూనె పట్టించాలి. చెయ్యి దూరని చోటు. సీసాతో పోస్తే పక్కకు జారిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది పాప మందుల సంచి. అందులో జ్వరం మందు పట్టే సిరంజీలు మూడు. ఒకటి పడిపోతే ఇంకొకటి, అదీ పోతే మరొకటి అని పెట్టుకున్నాను. బయల్దేరేటప్పుడు ఆ సంచి చూసి మా ఆయన, "యుద్ధానికి పోతున్నామా?" అని నవ్వాడు. ఇప్పుడు సిరంజీ తనే తీసి అందించాడు.

"నా నవ్వు వెనక్కి తీసుకుంటున్నా."

పలచటి స్టీరింగ్ ఆయిల్ సిరంజీలోకి లాగి కీలు నాలుగు మూలలా ఎక్కించాను. ఖాదర్ భాయ్ సుత్తితో నెమ్మదిగా తడుతున్నాడు, నేను స్టీరింగ్ అటూ ఇటూ ఊపుతున్నాను. మళ్లీ నూనె. మళ్లీ సుత్తి. ఎర్రటి నీరు కారింది. కిర్రుమంది. ఉన్నట్టుండి నా చేతుల కింద బరువు మాయమైంది.

"భాయ్, రండి. ఒక్క వేలు పెట్టండి."

ఆయన చూపుడు వేలు పెట్టి తిప్పాడు. తిరిగింది. ఇటు తిప్పాడు. తిరిగింది. "యా అల్లా!" అని ఆ వేలినే చూసుకుంటూ నిలబడ్డాడు. కీలు వదులుగా ఆడటం లేదని నేను పట్టుకుని చూసి తేల్చుకున్నాను. రాడ్డు బిగించాం. నట్టు ఊడకుండా పెట్టే పిన్ను నేనే పెట్టాను. రెండుసార్లు లాగి చూశాను. భయస్తురాలిని కదా, మూడోసారి కూడా చూశాను.

వాకీటాకీ నొక్కాను. "సేఫ్టీ అన్నా, రెండో బండి బయల్దేరింది. మిలిటరీ పదే."

"శభాష్ మేడమ్! రాండ్రి రాండ్రి!"

ఉప్పునేల మీద అతని బండి ముందు, మాది వెనక. పాప నా ఒళ్లో, నా రెండు చేతుల మధ్య. అద్దం మీద చినుకులు. సగం దాటాక వాకీటాకీలో కేక వినిపించింది. "ముంగట నల్లగున్న జాగ తొక్కకు భాయ్! ఎడమకు గొట్టు! ఎడమకు!"

ఖాదర్ భాయ్ ఒంటి చేత్తో తిప్పాడు. బండి ఒరిగింది. పొర కింది బురద పైకి తేలిన ఆ నల్లటి మచ్చ నా కిటికీ పక్క నుంచి జారిపోయింది. ఆ తర్వాత చక్రాల కింద తారురోడ్డు గట్టిగా తగిలింది. సేఫ్టీ అన్న పిల్లలు కిటికీల్లోంచి అరుస్తున్నారు. ఖాదర్ భాయ్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. పాప లేచి ఏడ్చింది. ఆ ఏడుపు నాకు బ్యాండుమేళంలా వినబడింది.

మధ్యాహ్నానికి ఖఫ్జీ చేరాం. మర్నాడే ఖాదర్ భాయ్ కొత్త కీలు వేయించాడు. పాతది కడిగి, మా ఇంటికి తెచ్చి, "మీ పతకం మేడమ్" అని చేతిలో పెట్టాడు. వంటింటి కిటికీలో ఉంది.

కానీ కళ్లు మూస్తే కనిపించేది అది కాదు. రోడ్డెక్కాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. తెల్లటి ఉప్పు మీద మా చక్రాల జాడలు, వాననీళ్లతో నిండుతున్నాయి. తిన్నగా వస్తూ వస్తూ, ఆ నల్లటి మచ్చ దగ్గర, రెండూ కలిసి మెత్తగా ఎడమకు వంగాయి.