బతుకమ్మ మీద బటన్ సెల్

ఆరేళ్లపాటు ఓదెలును ఆఫీసులో ఫోన్ ఎత్తనివ్వలేదు. హైటెక్ సిటీలో ఆ నాలుగంతస్తుల కంపెనీకి కేబుళ్లు గుంజింది ఆయనే, నెట్ ఆగితే బల్లల కింద దూరి బాగుచేసేదీ ఆయనే. ఫిర్యాదులు వినే హెల్ప్‌డెస్క్‌లో కూర్చుంటానని అడిగితే మాత్రం మేనేజరు నవ్వి, "నీ భాష క్లయింట్లకు ఎక్కదయ్యా" అన్నాడు. ఓదెలు కూడా నవ్వేసి మళ్లీ బల్ల కిందికి దూరాడు. ఆ మాట భార్య రజితకు కూడా చెప్పుకోలేదు.

కొత్తగూడలో వాళ్లు కిరాయికుండే గదిలో, కంపెనీ పారేసిన పాత కంప్యూటరొకటి రాత్రీపగలూ నడిచేది. పది నిమిషాలకోసారి ఓదెలు మెయిళ్లను తెచ్చి దాచడం దాని పని. సొంత పోస్టాఫీసని ఆయనకు మురిపెం. రజిత దానికి పెట్టిన పేరు 'సవతి'.

2011, సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గు బంద్. సద్దుల బతుకమ్మను ఆడవాళ్లంతా కొత్తగూడ చౌరస్తాలోనే పెట్టి, నడిరోడ్డు మీద ఆడి తెలంగాణ అడిగారు. రజిత పేర్చిన బతుకమ్మ శిఖరాన చిన్న లైటు వెలగాలని ఓదెలు ముచ్చటపడ్డాడు. ఆ పాత కంప్యూటర్ లోపలున్న, గుండీ అంత బటన్ సెల్ ఊడదీసి లైటుకు పెట్టాడు. ఎన్నడూ ఆపని మిషన్‌కు సెల్ ఎందుకనుకున్నాడు. బతుకమ్మ ధగధగా మెరిసి, సెల్‌తో సహా చెరువులో కలిసింది. వారం తిరగకముందే బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి.

ఆ మొదటిరోజే మధ్యాహ్నం రెండింటికి, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఓదెలుకు, తాను దరఖాస్తు పెట్టుకున్న వేరే కంపెనీ నుంచి ఫోన్. "హెల్ప్‌డెస్క్ ఇంటర్వ్యూ ఫారం మెయిల్ చేశామండి. నాలుగు లోపు నింపి పంపండి, లేకపోతే మీ పేరు తీసేస్తారండి."

ఓదెలు పరుగున ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొత్త మెయిల్ లేదు. 'కనెక్షన్ కుదరలేదు' అని ఒకటే పాట. మోడెం లైట్లు పచ్చగానే ఉన్నాయి. వైరు పీకి పెట్టాడు. మెయిల్ కంపెనీ సర్వర్‌ను పలకరిస్తే పలికింది. అంటే దారి బాగానే ఉంది, తలుపే తెరుచుకోవట్లేదు. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాడు. ఊహూ. నెట్ సెంటర్లు మూసి ఉన్నాయి. మూడున్నరకు మళ్లీ కోతని ముందే చెప్పారు.

కడప నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంటి ఓనరు చెన్నమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏమప్పా ఓదెలూ, మీ సమ్మెలో కంప్యూటరు గూడా చేరిందా?"

"చేరితే చేరనియ్ అమ్మా. గీ ఒక్క పూట డ్యూటీకి రమ్మని బతిమాలుతున్న."

"ఆ కరెంటోళ్లనన్నా తిట్టుకోరాదా?"

"సమ్మెల ఉన్నది మనోళ్లేనాయె, ఎట్ల తిట్టాలె?"

చాయ్ తెచ్చిన రజిత స్క్రీన్ మూలకు చూసింది. "ఏందయ్యా ఇది? 2002 జనవరి ఒకటంటున్నది. నా సవతి లెక్కల మనకింకా పెండ్లే కాలే!"

చెన్నమ్మ పకపకా నవ్వింది. "అట్లయితే ఎవరమ్మీ నువ్వు? ఈయప్ప గదిలో నీకేం పని?"

ఓదెలు నెత్తి కొట్టుకున్నాడు. బటన్ సెల్! కరెంటు పోయినా మిషన్ గడియారాన్ని నడిపేది అదే. అది లేక, పొద్దుటి కోతకు మిషన్ 2002కు జారిపోయింది. మెయిల్ కంపెనీ సర్వర్ చూపే గుర్తింపు పత్రమేమో 2010 నాటిది. ఇంకా పుట్టని పత్రాన్ని నమ్మేదెట్లా అని ఇంటి మిషనే తలుపు బిగించుకుంది.

తారీఖు కొట్టాడు, టైము కొట్టాడు. మూడూ పదకొండు. మెయిళ్లు బిలబిలమని దిగాయి. ఆయన ఫారం నింపుతుంటే, "జల్ది, జల్ది" అని రజిత. ఫారం వెళ్లిందన్న మాట స్క్రీన్ మీద మెరిసిందో లేదో, ఫ్యాన్ ఆగింది.

"జై తెలంగాణ!" అన్నాడు ఓదెలు.

"ముందు పోయి సెల్ కొనుక్కో నాయనా" అంది చెన్నమ్మ.

ఇంటర్వ్యూలో, మీరు తీర్చిన కష్టమైన సమస్య ఏదని అడిగితే ఇదే కథను ఇదే యాసలో, రజిత పెట్టిన పెండ్లి లెక్కతో సహా చెప్పాడు. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురూ పడీపడీ నవ్వి ఉద్యోగమిచ్చారు. ఇప్పుడు ఫోన్ మోగితే, "నమస్తే, నేను ఓదెలును. ఏం పరేషాన్ గాకుండ్రి, మోడెం మీద ఏ లైటు ఎలుగుతుందో జర చెప్పుండ్రి" అంటాడు. అర్థం కాలేదని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

మీ ఆఫీసు బల్లల కింద కూడా ఒక ఓదెలు ఉంటాడు. రేపు వెళ్లగానే ఆయన పేరు కనుక్కోండి. హెల్ప్‌డెస్క్‌లో కుర్చీ ఖాళీ అయిన రోజు మేనేజరు దగ్గరికి వెళ్లి ఆ పేరు గట్టిగా చెప్పండి. భాష ఎక్కదని ఆయన నవ్వితే, మీరు మాత్రం నవ్వకండి.