బావ కంప్యూటర్‌లో ప్రధాన సంఖ్య

పెళ్లి విందును చెడగొట్టడానికి వంటవాడే కానక్కర్లేదు, లెక్కలు చదివిన మరదలు చాలు. ఎలాగంటారా, వినండి.

నేను మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతూ అక్కా బావల ఇంట్లో ఉండేదాన్ని. ముందు గదిలోనే బావ ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోల కోసం మంచి కంప్యూటర్ కొన్నాడు. పొద్దున్నే దానికి అగరుబత్తి వెలిగించాకే తను టీ తాగేవాడు.

అప్పుడే నాకో పిచ్చి పట్టింది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోనిది ప్రధాన సంఖ్య కదా. కోట్ల అంకెలుండే అలాంటి సంఖ్యల కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. ఎవరైనా సరే, తమ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ వేసుకుని ఒక సంఖ్యను పరీక్షకు పెట్టవచ్చు. దొరికిందా, పాలమూరు పిల్ల పేరు లోకమంతా మోగుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను బావ ఇంటిని ఓడించి రచ్చ గెలవాలనుకున్నాను. ఆయన అన్నానికి లేచిన సమయం చూసి ప్రోగ్రామ్ ఎక్కించి, మెషిన్ బలమంతా దానికే రాసిచ్చాను.

మర్నాటి నుంచి కంప్యూటర్ పిండి గిర్నీలా మోగసాగింది. వీడియోలో పెళ్లికొడుకు ఎత్తిన ముద్ద నోటికి చేరేసరికి బావ టీ చల్లారేది.

"దీనికేమైంది సరితా, జర చూడు," అన్నాడు బావ.

"ఎండలు బావా," అన్నాను.

పాపం, ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌నీ తెచ్చి దాని ముందు పెట్టాడు. అక్కా నేనూ విసనకర్రలు పట్టుకున్నాం.

అలా వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ వచ్చాడు. బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం ఆయనది. కొడుకు నిఖా వీడియోను ఆ సాయంత్రమే వలీమా విందులో పెద్ద తెర మీద వేయాలి.

"తయారైందా శీనూ?"

"సగం గూడ కాలే భాయ్. మెషిన్ నడుస్తలేదు. అంతా తుడిచేసి కొత్తగ పెట్టాలె," అన్నాడు బావ.

"వద్దు బావా, లెక్క పోతది."

"ఏం లెక్క?"

చెప్పాను, ఇంకో గంటలో తేలిపోతుందని కూడా. అక్క నెత్తి పట్టుకుంది. బావ మీట మీద వేలు పెట్టాడు. ఖాజా భాయే అడ్డుపడ్డాడు.

"ఇన్ని దినాలు ఆగినం, ఇంకింత ఆగుదాం శీనూ. దొరికితే దావత్‌ల మైకు మీద చెప్పొచ్చు."

నలుగురం తెర చుట్టూ కూర్చున్నాం. చివరికి జవాబు వచ్చింది. ప్రధాన సంఖ్య కాదు.

"అంటే దేనితోనో భాగం పోతది," అన్నాడు ఖాజా భాయ్.

"పోతది చాచా."

"దేనితోని?"

"అది చెప్పదు. పోతదని మాత్రమే చెప్తది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఇంట్ల దొంగ పడ్డడంటది, దొంగెవడో చెప్పది. గీ మాట చెప్పనీకె మా పోరని నిఖా ఆపినవా బిడ్డా?"

ఆ సాయంత్రం తెర మీద పెళ్లికొడుకు గుర్రమెక్కి బయలుదేరాడు గానీ పెళ్లి దాకా చేరలేదు. చుట్టాలు బిర్యానీ తిని, మిగతా పెళ్లి ఎప్పుడని అడిగి వెళ్లారు.

అంతులేనన్ని ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద వాటి జోలికి పోను. పోయినా, మూఢంలోనే పోతాను. అప్పుడు ముహూర్తాలుండవు.