పరకాలది తీసిపెట్టు

2022 వానాకాలం. హనుమకొండ బస్టాండుకు దగ్గర్లో, చెప్పుల దుకాణం పైన మా ఆఫీసు. నేను చేసేది డేటా ఇంటిగ్రేషన్. అంటే పది చోట్ల పది రకాలుగా ఉన్న సమాచారాన్ని ఒక్క చోటికి చేర్చడం. పని చెడితే తప్ప మేమున్నట్టు ఎవరికీ గుర్తుండదు.

అప్పట్లో మా క్లయింట్లలో ఒకటి రక్తపరీక్షల ల్యాబ్. మెయిన్ ల్యాబ్ హనుమకొండలో, చిన్న సెంటర్లు పరకాల, పాలకుర్తి లాంటి చోట్ల. ఒక్కో సెంటర్ పంపే రిపోర్టుల ఫైలును తెచ్చి ఇక్కడి డాక్టర్ల కంప్యూటర్లలోకి ఎక్కించడానికి ఒక్కో టాస్క్ రాశాం. ఆ టాస్కులన్నీ ఒక కలెక్షన్‌లో, అంటే జాబితాలో, వరుసగా ఉంటాయి. ఒకదాన్ని ఆపాలంటే రెండు దారులు. డిసేబుల్ చేస్తే టాస్క్ ఉంటుంది, పని చేయదు. రిమూవ్ చేస్తే ఇక ఉండనే ఉండదు. మారు అడగదు కూడా.

ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ బాక్సు విప్పుకుని కూర్చున్నప్పుడు ల్యాబ్ మేనేజర్ రవీందర్ ఫోన్ చేశాడు.

"మేడం, పరకాల సెంటర్ వేరే బిల్డింగుకు మారుస్తున్నం. వారం రోజులు బంద్. పరకాలది జర తీసిపెట్టుండ్రి."

ఆలస్యంగా వచ్చే మనిషికి మా ఇంట్లో కూర తీసిపెడతాం. పారెయ్యం కదా. నేను పుట్టి పెరిగింది పాలకుర్తి పక్కనే, ఆ మాట నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే నా చెవులు ఇంగ్లీషువైపోతాయి. 'తీసి' అన్నదే విన్నాను, 'పెట్టు' అన్నది వినలేదు. కుడిచేయి ఎంగిలి, ఎడమచేత్తో రిమూవ్ అని కొట్టేసి మళ్ళీ అన్నం కలుపుకున్నాను.

వారం తర్వాత "పరకాల షురూ అయింది" అని రవీందర్ మెసేజ్ పెట్టాడు. తెరిచి చూస్తే టాస్కులన్నీ పచ్చగా ఉన్నాయి. రిమూవ్ కొట్టిన సంగతే మరిచిపోయి ఓకే అని జవాబిచ్చాను. టాస్క్ ఫెయిలైతే ఎర్రగా కనబడుతుంది. లేని టాస్క్ ఎట్లా ఫెయిలవుతుంది? అసలు ఎన్ని ఉండాలో లెక్క చూసుకునే బుద్ధి నాకు లేకపోయింది.

నాలుగో రోజు రవీందర్ నన్ను ల్యాబ్‌కు పిలిపించాడు. కౌంటర్ దగ్గర పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. భార్యకు డెంగీ. ఇంటి దగ్గరే ఉంచి, రోజూ ప్లేట్‌లెట్లు చూసి ఇక్కడి డాక్టర్ మందు చెబుతానన్నాడట.

"రెండుమాట్ల రక్తం ఇచ్చినం బిడ్డా. డాక్టరేమో రిపోర్టే రాలేదంటడు. ఇయ్యాల మా ఆడామె లేస్తలేదు. దవాఖానల ఏసి వచ్చిన," అన్నాడు.

రవీందర్ అక్కడికక్కడే పరకాల టెక్నీషియన్ స్వరూపకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"పంపిన సార్. రోజూ పదింటికల్లా పంపిన."

"పంపితే యాడికి వోయినయ్? గాలిల కల్సినయా?"

"నాకేం ఎరుక సార్. నేనైతే పంపిన."

పావుగంటలో నాకు దొరికింది. మా సర్వర్‌లో పరకాల ఫైళ్ళు, నాలుగు రోజులవీ, వరుసగా పడి ఉన్నాయి. ప్రతిదీ పదింటికి ముందే వచ్చింది. తీసుకెళ్ళే టాస్కే లేదు. బయటికి వచ్చి మా ఆఫీసు నడిపే సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"టాస్క్ మల్ల పెట్టు. పరకాల నుంచి ఫైళ్ళు లేటుగ అందినయని ల్యాబుకిచ్చే కాగితంల రాయి," అన్నాడు.

"సార్, ఆమె టైముకే పంపింది."

"నిజమేనమ్మా. కాంట్రాక్టు పోతే మనం ఎనిమిది మందిమి రోడ్డు మీద పడ్తం. ఆమె ఒక్కతే. జర సోంచాయించు."

సోంచాయించాను. ఆయన చెప్పినట్టే రాశాను. సాయంత్రానికల్లా ఆ కాగితం చూపించి స్వరూపను పనిలోంచి తీసేశారు. పెద్దాయన భార్య పది రోజులకు కోలుకుని ఇంటికి వెళ్ళిందని తెలిసినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని దాన్ని.

దసరా వెళ్ళాక పరకాల పోయాను. స్వరూప ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తోంది. రిపోర్టులు పంపని మనిషని పేరు పడ్డాక ఏ ల్యాబూ పెట్టుకోలేదట. నేనెవరో చెప్పాను. చేసింది చెప్పాను, రాసింది కూడా చెప్పాను. మిషన్ ఆపి విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకెందుకు చెప్తున్నరు మేడం?" అన్నది. "నేను పంపినట్టు నాకెరుకే గదా. ఎరుకలేనోళ్ళకు చెప్పుండ్రి."

అని నా వెనక నిలబడ్డతన్ని "ఎన్ని కాపీలన్నా?" అని అడిగింది.

ఏ జాగ్రత్తలు పడాలని పనిలో కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. ముందు డిసేబుల్ చెయ్యండి, నెల ఆగి రిమూవ్ చెయ్యండి అంటాను. చెప్పినవాళ్ళను "పక్కకా, పూర్తిగానా" అని మళ్ళీ అడగమంటాను. కలెక్షన్‌లో ఎన్ని ఉండాలో గోడకు రాసిపెట్టుకుని రోజూ సరిచూడమంటాను. నేనూ తప్పకుండా చేస్తాను. చాలా జాగ్రత్త మనిషని ఆఫీసులో నాకు పేరు కూడా వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నోరంతా చేదవుతుంది.

ఎరుకలేని ఆ ల్యాబ్ వాళ్ళకు మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ కాంట్రాక్టు ఇంకా మాదే. ఇప్పుడు రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు. ల్యాబ్ పేరు రాయలేదు, మా సార్ పేరు రాయలేదు, నా పేరూ లేదు. ఆమె అసలు పేరు స్వరూప కాదు.