నాలుగు వేళ్లు

వెర్నా స్టాల్కప్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని ఆ కౌంటీలో అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీది కోపం వచ్చినంత సేపు పట్టదు పోవడానికి. ఆమెది ముప్పై ఒక్క ఏళ్లుగా ఆరని కోపం. దానికో పేరుంది, తారీఖుంది, ఒక పాత పొగాకు డబ్బా ఉంది.

ఆమె తమ్ముడు రాయిస్‌కి అప్పుడు ఇరవై మూడేళ్లు. ట్రక్కు వెనక దీపం వెలగడం లేదని పోలీసు ఆపాడు. సీటు కింద పొగాకు డబ్బాలో గుప్పెడు గంజాయి దొరికింది. గుప్పెడంటే గుప్పెడే, వెర్నా తన కళ్లతో కోర్టులో చూసింది. ఐదేళ్లు వేశారు. రెండేళ్ల ఏడు నెలలకు వదిలారు గానీ, వదిలింది మనిషిని మాత్రమే. ఆ రాష్ట్రంలో పెద్ద నేరం కింద శిక్ష పడ్డవాడికి జన్మలో ఓటు లేదు, తుపాకీ ముట్టే హక్కు లేదు. అదే వేసవిలో జడ్జిగారి మేనల్లుడు అంతకు నాలుగింతలు సరుకుతో దొరికితే, కుర్రతనం అని చెప్పి ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఆ మేనల్లుడు రాజధానిలో శాసనసభ్యుడు. గంజాయి పిల్లల్ని పాడుచేస్తుందని ఉపన్యాసాలిస్తాడు. వెర్నా రేడియోలో ఆ గొంతు వినబడితే రేడియో ఆపదు, పెంచుతుంది. కోపానికి మేత కావాలి కదా.

రాయిస్ మాత్రం నెమ్మదస్తుడు. కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. నవంబరులో జింకల వేట మొదలైతే స్నేహితులతో పాటు అడవికెళ్తాడు, గుడారం దగ్గర కూర్చుని వాళ్ల గిన్నెలు తోముతాడు. ఎన్నికల రోజున మాత్రం రాత్రి షిఫ్టు వేళదాకా ఇంట్లోంచి బయటికి రాడు. ఊరంతా చొక్కా మీద ‘నేను ఓటేశాను’ అన్న బిళ్ల అంటించుకుని తిరుగుతుంటే ఎవరి మొహం చూడాలంటాడు.

వెర్నా బడి వంటశాలలో ఇరవై తొమ్మిదేళ్లు గరిట తిప్పింది. ఏ పిల్ల ఇంట్లో శని, ఆదివారాలు పొయ్యి వెలగదో కనిపెట్టి, శుక్రవారం ఆ పళ్లెంలో రెండు గరిటెలు ఎక్కువ వేసేది. అడిగిన హెడ్‌మాస్టరుకు “గరిట జారింది” అనేది. ఇరవై తొమ్మిదేళ్లు జారింది ఆ గరిట. దీంతో పాటు ఇరవై రెండేళ్లుగా మెథడిస్టు చర్చి కింది హాలులో పోలింగ్ అధికారి. తమ్ముడి ఓటు తీసేసిన రాష్ట్రానికి నువ్వెందుకే చాకిరీ అని ఎవరో అంటే, “దొంగలు లెక్కపెడుతుంటే పక్కన ఒక కాపలా ఉండాలి” అంది.

ఆ ఏడు గంజాయి మీద జనమే ఓటేసే రాష్ట్ర రాజ్యాంగ సవరణ వచ్చింది. శాసనసభను పక్కనబెట్టి, జనం సంతకాలు పోగుచేసి, నేరుగా బ్యాలెట్‌కి ఎక్కించే పద్ధతి. పెద్దవాళ్లు వాడుకోవడం నేరం కాదని ఒక ముక్క. రెండో ముక్క కోసమే వెర్నా రోడ్డెక్కింది. పాత శిక్షలు కొట్టేస్తారు. రాయిస్ పేరు మీది మచ్చ పోతుంది, ఓటు తిరిగొస్తుంది.

అట్ట కట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని జూలై ఎండలో తిరగని వాకిలి లేదు. కౌంటీ సంతలో పందిమాంసం వేయించే బండి పక్కన నిలబడి, నోట్లో రొట్టె ఉన్నవాడు కాదనలేడని, వాళ్ల చేతే సంతకాలు పెట్టించింది. సంతకాలు సరిపోయాయి. సవరణకు నాలుగో నంబరు ఇచ్చారు.

ఆ కౌంటీలో ఎదురుగా ట్రక్కు వస్తే, తెలిసినవాడైనా కాకపోయినా, స్టీరింగు మీంచి చెయ్యి తీయకుండా ఒక వేలు లేపడం మర్యాద. వెర్నా ఆ వేసవిలో ఒకటికి బదులు నాలుగు వేళ్లు లేపింది. మొదట నవ్వారు. ఆగస్టుకల్లా సగం కౌంటీ నాలుగు వేళ్లు లేపుతోంది. పెట్రోలు బంకులో, పశువుల దాణా కొట్టులో, చర్చి మెట్ల మీద కూడా. చదువు రానివాడికీ, పేపరు చదవనివాడికీ నాలుగంటే రాయిస్ అని తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తాను చేసిన ఏకైక తెలివైన పని అదేనని వెర్నా మురిసింది.

సెప్టెంబరులో జడ్జిగారి మేనల్లుడి మనుషులు సంతకాల మీద కోర్టుకెక్కారు. కేసు నిలబడలేదు. కానీ అది నడిచిన రెండు వారాల్లో శాసనసభ తన సొంత సవరణ ఒకటి తయారుచేసి ముందు వరసలో నిలబెట్టింది. గంజాయి చట్టాన్ని శాసనసభ తప్ప ఎవరూ మార్చకూడదని దాని సారం. పైకి మాత్రం ‘మన కుటుంబాల గంజాయి రక్షణ సవరణ’ అని పేరు. నంబర్లు మళ్లీ వేశారు. శాసనసభదానికి నాలుగు, వెర్నా వాళ్లదానికి ఐదు. రెండూ నెగ్గితే ఎక్కువ ఓట్లొచ్చిందే నిలుస్తుంది.

“ఈ బుద్ధి ఏ తల్లి కన్న పిల్లలకి పుడుతుందిరా!” అని వెర్నా వంటగదిలో శాపనార్థాలు పెట్టింది. శాపాలతో ఆగలేదు. ప్రతి వాకిట్లో నాటిన బోర్డు మీద నాలుగు కొట్టేసి ఐదు రాసింది, ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ బుర్రలూపారు. అలవాటు బుర్రలో ఉంటే కదా, వేళ్లలో ఉంది.

ఎన్నికల రోజు పొద్దున ఆరింటికి ఆమె బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేసింది. హాలులో గానీ, గుమ్మం నుంచి నూరడుగుల లోపు గానీ, ఎవరికీ ఏ ఓటూ వెయ్యమని చెప్పను, సైగ చెయ్యను. ప్రమాణం చేయించింది పెద్ద అధికారి హార్లన్ ట్వీడీ. వంకర గీత కనిపిస్తే నిద్రపట్టని మనిషి.

మొదటి ఓటరు ముసలి రైతు ఓటిస్ గ్రేబ్. బ్యాలెట్ అందుకుని వెర్నా వైపు చూసి నవ్వి నాలుగు వేళ్లు లేపాడు.

“ఇదే కదమ్మాయ్?”

వెర్నా నోరు తెరిచింది. హార్లన్ దగ్గాడు.

“బ్యాలెట్ చదువుకో ఓటిస్,” అంది వెర్నా. “బాగా చదువుకో.”

“చదివేదేముంది, వేసవంతా నూరిపోశావుగా!” అని కన్నుకొట్టి వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చినావిడ నాలుగు వేళ్లు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరు, ఎనిమిది వేళ్లు. ప్రతివాళ్లూ ఆమెకో కానుక తెచ్చినట్టు వేళ్లు చూపించి బూత్‌లోకి పోతున్నారు. బల్ల కింద వెర్నా పిడికిళ్లు బిగుసుకుపోయాయి. తాను నేర్పిన పాఠం తన కళ్లముందే తన ఇంటికి నిప్పు పెడుతోంది, తానేమో కుర్చీలో కూర్చుని పేర్లు టిక్కు పెడుతోంది.

పదకొండింటికి కళ్లు ఆనని ఓపల్ వీబ్ వచ్చి సాయమడిగింది. ఓటరు అడిగితే చదివి వినిపించవచ్చు, విడమరచకూడదు. వెర్నా నాలుగో సవరణ చదివింది. ‘శాసనసభ తప్ప’ దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, మళ్లీ చదివింది. మూడోసారి కూడా చదివింది.

“వెర్నా!” అన్నాడు హార్లన్. “చదవమన్నాను. పాస్టరులా బల్ల గుద్దమన్లేదు.”

“నాకు వినబడిందిలే,” అంది ఓపల్. “రక్షణ అంటోందిగా, మంచిదే. మన రాయిస్‌దేగా? అవును మీద గీత పెట్టు తల్లీ.”

ఓటరు చెప్పిన చోట గీత పెట్టడం అధికారి పని. వెర్నా తన చేత్తో, తన తమ్ముడికి వ్యతిరేకంగా, గీత పెట్టింది.

ఒంటిగంటకు బడ్ లెంకర్ వచ్చాడు. రాయిస్ గిన్నెలు తోమే గుడారం అతనిదే. ఓటేసి, చొక్కాకి బిళ్ల అంటించుకుని, బల్ల దగ్గరకొచ్చి నాలుగు వేళ్లు ఆమె మొహం ముందు ఆడించాడు.

“అయిపోయింది! మా ఇంట్లో ఐదుగురం, ఐదుగురమూ నాలుగుకే గుద్దేశాం. మా అమ్మ చేత కూడా వేయించా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వాడి చేతికి తుపాకీ ఇస్తానని చెప్పు.”

వెర్నా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. గుండె మీది బ్యాడ్జీ పీకి బల్ల మీద కొట్టింది.

“ఎక్కడికి?” అన్నాడు హార్లన్.

“నూరడుగుల అవతలికి.”

“ఆ గుమ్మం దాటితే మళ్లీ ఈ కుర్చీలోకి రానివ్వను. ఇరవై రెండేళ్ల మర్యాద, ఆలోచించుకో.”

“ఆ మర్యాద నువ్వే ఉంచుకో హార్లన్. చలికాలం కప్పుకో.”

బయట నూరడుగుల దగ్గర చిన్న జెండా పాతి ఉంది. ఆమె దానికి ఒక్క అడుగు అవతల నిలబడింది. గాలి కోటు గుండీల్లోంచి దూరుతోంది. వచ్చే ప్రతి ట్రక్కుకీ చెయ్యెత్తి ఐదు వేళ్లూ చాచింది. మొదటివాడు ఆపమంటోందనుకుని బ్రేకు తొక్కాడు. రెండోవాడు పలకరింపనుకుని ముచ్చటగా నాలుగు వేళ్లు లేపాడు.

“అయిదురా, మొద్దుమొహమా! అయిదు! నాలుగు దొంగలది!”

అద్దాలు బాదింది. ట్రక్కుల ముందు నిలబడింది. “నువ్వే కదా నాలుగన్నావు?” అని ఒకడు వాదానికి దిగితే, “అన్నాను! నా నోటికి పురుగులు పడా! ఇప్పుడు ఐదంటున్నా!” అని కిటికీలో తల దూర్చి అరిచింది. పాస్టరుగారి భార్య వచ్చి, చర్చి ముందు గంజాయి కోసం ఈ కేకలేమిటి వెర్నా, సిగ్గుగా లేదా అంది.

“చర్చి నూరడుగులు వెనకుందమ్మా. కొలిచే నిలబడ్డా. మీరూ ఐదుకి వెయ్యండి.”

కొందరు విన్నారు. కొందరు అప్పటికే వేసి బయటికొస్తూ, విషయం తెలిసి తల పట్టుకున్నారు. వాళ్లను చూస్తే ఆమెకు ఇంకా మండింది, గొంతు ఇంకా పెంచింది. ఏడింటికి హార్లన్ తలుపు దగ్గరకొచ్చి పోలింగ్ ముగిసిందని కేకేసేసరికి ఆమె గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు.

తెల్లారి షిఫ్టు దిగి రాయిస్ అక్క ఇంటికొచ్చాడు. పొయ్యి మీద గ్రేవీ ఉడుకుతోంది, బల్ల మీద బిస్కెట్లనే మెత్తటి రొట్టెలు వేడిగా ఉన్నాయి. రేడియో చెబుతోంది. రెండూ నెగ్గాయి. నాలుగుకి పదకొండు వేలు ఎక్కువ. నాలుగే నిలుస్తుంది.

“దొంగ నాయాళ్లు,” అంది వెర్నా బొంగురు గొంతుతో. “జనం ఔనంటే దాన్ని పట్టుకుని జనం నోరే కుట్టేశారు. ఒక్కొక్కణ్ణీ ఈ పెనంతో...”

“పోనీలే అక్కా,” అన్నాడు రాయిస్ కూర్చుంటూ. “బడ్ చెప్పాడు, ఆరుగంటలు చలిలో నిలబడ్డావట. నా కోసం ఎవరూ అంత చెయ్యలేదు.” గ్రేవీ వడ్డించుకున్నాడు. “నీ బిళ్ల ఏది? ఏటా నాకిస్తావుగా, ట్రక్కులో అంటించుకోడానికి.”

వెర్నా గరిట ఆగింది. ఆ హాలులో అధికారులు మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒక్కొక్కరూ తమ ఓటు వేసుకోవడం రివాజు. ఆమె ఒంటిగంటకే బయటికొచ్చేసింది. ఆ తర్వాత వరసలో నిలబడి అందరిలాగే వెయ్యొచ్చు. జ్ఞాపకమే రాలేదు.

“వెయ్యలేదురా,” అంది.

“ఏంటి?”

“మర్చిపోయాను.”

రాయిస్ స్పూను కింద పెట్టాడు. కోర్టులో శిక్ష చదివినప్పుడు కూడా ఆ మొహం అలా ఎర్రబడలేదు.

“మర్చిపోయావా? నూరడుగుల దూరంలో నిలబడి, నా పేరు చెప్పి ఊరందరినీ తిట్టి, నువ్వు మర్చిపోయావా?”

“పదకొండు వేలతో పోయిందిరా. నా ఒక్కటీ వేస్తే ఏమొరిగేది?”

“లెక్క అడిగానా నిన్ను!” బల్ల అదిరింది. కాఫీ ఒలికింది. “ముప్పై ఒక్క ఏళ్లు! ప్రతిసారీ ఆ రోజు కర్టెన్లు వేసుకుని కూర్చున్నాను. నాకుంటే, పదకొండు లక్షలతో ఓడిపోతుందని తెలిసినా వేసేవాణ్ణి. నీకున్నది నువ్వు పారేసుకుని నాకు తెచ్చిపెడతావా?”

టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ట్రక్కు స్టార్టయింది, మలుపు తిరిగింది. వెర్నా తలుపు దాకా వెళ్లింది. జడ్జి, మేనల్లుడు, శాసనసభ, హార్లన్, వేళ్లు లేపిన ఊరు, అందరూ వరసగా నోటిదాకా వచ్చారు. వాళ్లలో ఎవరినీ తిట్టలేకపోయింది.