గంగులమ్మ కళ్లల్లో మబ్బు

తిరుపతి బస్టాండుకు కూతవేటు దూరంలో, తలనీలాలు ఇచ్చే చోట గేటు పక్కన, గంగులమ్మ గంధం గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది. గుండుతో బయటికి వచ్చినవాళ్ల తలకు చల్లగా గంధం పూయడం ఆమె బతుకుతెరువు. చేసే చాకిరీ మాత్రం అంతకు పదింతలు. వచ్చేవాళ్ల చెప్పులు, సంచులు, ఒక్కోసారి నిద్రపోతున్న పిల్లలు కూడా ఆమె పక్కకే చేరతారు. చంటిబిడ్డకు పాలివ్వాలని ఏ తల్లయినా ఇబ్బంది పడుతుంటే, లేచి కొంగు అడ్డం పట్టుకుని నిలబడుతుంది. దారి తెలియని ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని చిత్తూరు బస్సు ఎక్కించి, కండక్టరుకు అప్పజెప్పి వస్తుంది. ఇదంతా పుణ్యం కోసమా అని ఎవరైనా అడిగారో, ఆమెకు ఒళ్లు మండుతుంది. ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, అంతేనంటుంది.

రెండేళ్లుగా ఆమె కళ్లల్లో శుక్లాలు. మొదట్లో భయపడింది గానీ, రానురాను అదే హాయిగా అనిపించింది. పొద్దున పూట వీధి వీధంతా పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. బస్సులు వట్టి చప్పుళ్లయిపోతాయి. గంధం పూసిన గుండ్లు ఒక్కొక్కటే ఆ తెలుపులోంచి పసుపు చందమామల్లా తేలివస్తాయి. కొండ కూడా మెత్తటి నీడై కాసేపు దగ్గరికొస్తుంది, కాసేపు దూరం పోతుంది. అరవై ఏళ్లు ఈ దుమ్మూ ధూళీ చూసిన కళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

పక్కన పూలమ్మే కృపామణి మాత్రం ఊరుకోదు. చిన్న ఆపరేషనేనని, కళ్ల ఆస్పత్రికి తాను తోడొస్తానని నెలకు నాలుగుసార్లు పోరుపెడుతుంది. గుండ్లన్నీ ఎట్లాగూ ఒకేలా ఉంటాయి, చూసి ఏం చేసేదని గంగులమ్మ నవ్వేస్తుంది.

ఒకరోజు ఏర్పేడు నుంచి రవిచంద్ర అనే రైతు, నాలుగేళ్ల కూతురు లోహితను భుజాన వేసుకుని వచ్చాడు. పాపకు జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడట. భార్య నిండు చూలాలు, ఇంటి దగ్గరే ఉండిపోయింది. పాప భుజం మీదే ఆదమరిచి నిద్రపోతోంది. గంగులమ్మ తన గోనెపట్టా మీద పడుకోబెట్టి పొమ్మంది. అతను సరేనని లోపలికి పోయాడు. అప్పటికింకా కృపామణి పూలగంపతో రాలేదు.

తిరిగి వచ్చేసరికి పాప లేచి, గంధంలో వేలు ముంచి నేల మీద గీతలు గీస్తోంది. ఎదురుగా నున్నటి గుండు, మీసం లేని మూతి. పోదాం రమ్మని చేతులు చాచాడో లేదో, పాప కెవ్వుమంది. ఈయన మా నాయన కాదని, మా నాయనకు మీసం ఉంటుందని గంగులమ్మ వెనక్కి దూరి ఒకటే ఏడుపు. పూలు కొనేవాళ్లు ఆగారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడేమోనని గుంపులో ఎవరో అన్నారు. రవిచంద్ర ఫోన్లో తన ఫొటో చూపించాడు. అందులో ఒత్తయిన జుట్టు, కోరమీసం. చూసినవాళ్లకు అనుమానం ఇంకా పెరిగింది. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒకడు అతని చొక్కా పట్టుకుని గంగులమ్మ వైపు తిరిగాడు.

"నీకే గదా అవ్వా అప్పజెప్పి పోయినాడు. ఈయప్పేనా?"

గంగులమ్మ కళ్లు చికిలించి చూసింది. ఇంకో చందమామ, అంతే. ఇందాక విన్న గొంతు ఇదేనేమో, కాదేమో. బెదిరిన గొంతును ఎట్లా గుర్తుపట్టేది? కాదంటే ఈ జనం అతన్ని బతకనివ్వరు. అవునంటే బిడ్డను తన చేతులారా ఏ దొంగకో ఇచ్చినట్టవుతుందేమో. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎరగని భయం ఆమెను పట్టుకుంది.

పాపను ఒళ్లోకి లాక్కుంది. "కండ్లు మూసుకో తల్లీ. అవ్వ గూడా మూసుకుంటాది." పాప కళ్ల మీద అరచెయ్యి పెట్టి, తానూ రెప్పలు వాల్చింది. "అప్పా, దినామూ బిడ్డతో ఇంట్లో ఏం మాట్లాడతావో అదే మాట్లాడు."

సందెవేళ కోళ్లను గంప కింద మూసేటప్పుడు చెప్పే మాటలు అతని నోట మెల్లగా వచ్చాయి.

"ఎర్రకోడి వచ్చినాది... సుక్కలకోడి వచ్చినాది... కుంటిపుంజు వచ్చినాది..."

గంగులమ్మ రెప్పల వెనక ఎవరిదో పెరడు, పొగ వాసన, గంప కింద కోళ్ల కలకలం. అరచేతి కింద పాప వెక్కిళ్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

"బొల్లికోడి ఇంగా రాలే," అంది పాప.

"యాడుండాది మా?"

"గడ్డివాములో. నువ్వే పోయి తేవాల నాయనా."

కళ్లు మూసుకునే పాప చేతులు చాచింది. అతని చెవులు తడిమింది, గడ్డం తడిమింది, అప్పుడు కళ్లు తెరిచి పకపకా నవ్వింది. చొక్కా పట్టుకున్నవాడు వదిలేసి తలొంచుకుని వెళ్లిపోయాడు. తానే పూస్తానని పాప పేచీ పెట్టి, నాయన గుండు మీద రెండు చేతులా గంధం పులిమింది.

వాళ్లు ఏర్పేడు బస్సెక్కి పోయారు. రేపు ఏ మాయదారివాడో తీయగా మాట్లాడితే బిడ్డను ఇచ్చేస్తాను గదా అన్న దిగులు గంగులమ్మను వదల్లేదు. చాలాసేపటికి కృపామణిని పిలిచింది.

"మేయ్ కృపా, రేపు ఆ కండ్ల ఆస్పత్రికి పోదాం."

"మబ్బు బాగుండాదంటివే అక్కా?"

"నాకు బాగుండాది." గంగులమ్మ గోనెపట్టా దులిపి మళ్లీ పరిచింది. "ఈడ పండుకునే బిడ్డలకు బాగలేదు."

ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఆమె వీధిలోని తెలుపును, అందులోంచి తేలివచ్చే చందమామలను కళ్లారా చూసుకుంటూ కూర్చుంది.