దబ్బతొక్క బీరు

మునివెంకటప్ప నోట మెచ్చుకోలు విన్నవాళ్ళు లేరు. చిక్కపేటలో బట్టల అంగడి నడిపినన్నాళ్ళూ ఎంత మంచి పట్టునైనా వేళ్ళతో నలిపి, పెదవి విరిచాకే కొనేవాడు. భార్య గంగరత్నమ్మ పెట్టే దబ్బకాయ ఊరగాయ దగ్గరా అంతే. "చేదుగా ఉండాది" అనేవాడు. ఆమె నవ్వి, ఇంకో ముక్క వేసేది. ఆమె పోయాక ఆ ఇంట్లో దబ్బకాయ కోసినవాళ్ళు లేరు.

మనవరాలు హర్షిణి హూడిలో ఒక పబ్బులో బీరు కాస్తుంది. దబ్బతొక్క వేసి తాను సొంతంగా కాచిన మొదటి బీరును ఇవాళ తాతకే ముందు పోసింది.

"అయిదుకి ఎన్ని మార్కులు తాతా? సుమ్మనే, ఊరికే పొగడద్దు."

"నేనా, పొగిడేది?"

ఆయన గ్లాసెత్తి వాసన చూశాడు. మిద్దె మీద ఎండలో ఆరే తొక్కలు, పసుపంటిన గంగరత్నమ్మ వేళ్ళు కళ్ళముందు కదిలాయి. మెల్లగా ఒక గుక్క తాగి, పెదవి విరిచాడు.

"చేదుగా ఉండాది పాపా."

హర్షిణి మొహం చిన్నబోయింది. "అయితే రెండు మార్కులే వేసుకుంటాలే" అంటూ గ్లాసు తీయబోయింది. ఆయన రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ మాటకి మీ అవ్వ ఇంకో ముక్క వేసేది. నువ్వేమో ఉన్నది కూడా లాక్కుంటుండావు."