తాళాల గుత్తి

ప్రయోగశాల వెనక ఎలుకల గదిని చూసుకునే ఆయన్ని అక్కడ పనిచేసే మేమందరం "ఎలుకల మామ" అనేవాళ్లం. మనిషి కంటే ముందు నడుముకున్న తాళాల గుత్తి గలగల వినిపించేది. ఇంట్లో మనవడు ఏడిస్తే ఆ గుత్తి ఊపడమే ఆలస్యం, ఏడుపు టక్కున ఆగేది.

ఆ ఏడాది మా ప్రయోగాలు నడిపే మేడమ్, పాలిచ్చే తల్లి ఎలుకలకు బి6 విటమిన్ తీసేసిన మేత పెట్టించింది. మెదడులో నరాల ఉరుకును అదుపు చేసే రసాయనం తయారు కావాలంటే ఆ విటమిన్ ఉండాలి. అది లేని పాలు తాగిన పిల్లల మెదడు పగ్గం తెగిన కోడెలాంటిది. పెద్ద చప్పుడైతే మూర్ఛ వస్తుంది. మేడమ్‌కు కావలసింది ఆ మూర్ఛలే.

పంజరాల అడుగున ఇనుప జల్లెడ ఉండేది. ఎలుకలు తమ పెంటికలు తామే తింటాయి. పేగుల్లో పుట్టిన విటమిన్ వాటిలో ఉంటుంది. అందుకే అవి కిందికి రాలిపోవాలి. ఈ సంగతి మామకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు కనిపించింది చల్లటి ఇనుము మీద వణుకుతున్న, బొచ్చైనా మొలవని పిల్లలు. జల్లెడ మీద గుప్పెడు గుప్పెడు రంపపు పొట్టు పరిచాడు. పెంటికలు ఆ పొట్టులోనే ఉండిపోయాయి.

పిల్లలు బొద్దుగా పెరిగాయి. ఒక్కదానికీ మూర్ఛ రాలేదు.

"ఏం మామా, బాలింతలకు పరుపులు కూడా వేశావా?" అంది మేడమ్, పొట్టు కెలుకుతూ.

"చలికి ముడుచుకుపోతున్నాయమ్మా..."

"నీ జాలి నా పనంతా తగలబెట్టింది. ఇవి ఇంక పనికిరావు. నువ్వే గ్యాసు పెట్టెలో వేసి చంపెయ్యి."

వేశాడు. తల్లుల్ని కూడా.

మళ్లీ కొత్త తల్లులు, వట్టి జల్లెడ. ఈసారి పిల్లలు బక్కచిక్కి, అలికిడైతే ఎగిరిపడేవి. మామ గుత్తికి గుడ్డ చుట్టి, మునివేళ్ల మీద తిరిగేవాడు.

"ఎలుకల గదిలో పిల్లి నడకేంటి మామా!" అని నవ్వేవాళ్లం.

పరీక్ష పెట్టిన రోజు, పెద్ద చప్పుడు కోసం తెచ్చిన కరెంటు గంట మోగలేదు. మేడమ్ దాని మీట రెండుసార్లు నొక్కి, మామ నడుము వైపు చూసింది.

"ఆ గుడ్డ విప్పు. ఊపు."

"నా చేత్తో వద్దమ్మా. మీరే ఊపండి."

"నా చేతిలో కెమెరా ఉంది కదా! ఊపుతావా, గుత్తి ఇచ్చేసి ఇంటికెళ్తావా?"

ఇంట్లో కూతురూ మనవడూ ఆయన జీతం మీదే బతుకుతున్నారు. ఊపాడు. పిల్లలు బిగుసుకుపోయి, గిరగిరా పరుగెత్తి, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాయి.

"భేష్. ఇంకోసారి," అంది మేడమ్.

ఆ సాయంత్రం మనవడు పాక్కుంటూ వచ్చి గుత్తి లాగి గలగలలాడించాడట. మామ ఆ బుల్లి చేతి మీద ఫెడీమని కొట్టాడని కూతురు చెప్పింది. పిల్లాడు గుక్కపట్టాడు. ఆ ఏడుపు మాన్పడానికి ఆయనకు తెలిసింది ఆ గుత్తి ఒక్కటే.